నాపరాతి గరుత్మంతుడు

1955వ సంవత్సరం. కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. కట్టడాలు చాలక సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలి లేస్తే గుమాస్తాలు కాగితాల మీద గులకరాళ్లు పెట్టుకుని పని చేసేవాళ్లు. ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, పనుల కోసం తిరిగేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఊళ్లో పడ్డారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక ఫోటో కావలసి వచ్చేది. కొండారెడ్డి బురుజుకు పోయే దారిలో నాకొక స్టూడియో ఉండేది. ముందు గదికి అద్దాల కిటికీ, మధ్య గదిలో కెమెరా, దాని వెనక చీకటి గది, ఆ వెనక పెరడు, మా కాపురం.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఫోటో పని ఒక ముసలాయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు పాత కాగితాల అంగడిలో నేర్చుకున్నాను. దొరలు వదిలిపోయిన విజ్ఞాన సర్వస్వాలు, బొమ్మల పత్రికలు అక్కడ పొట్లాల కోసం తూకానికి వచ్చేవి. చింపకముందే నేను ఏరుకునేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని నక్షత్రాల గురించి, అగ్నిపర్వతాల గురించి, రాక్షసబల్లుల గురించి చదివేవాణ్ణి. ఫోటోలు తీసేవాడికి రాక్షసబల్లుల సంగతి దేనికి అని ఆనాడే నవ్వారు. ఇప్పటికీ నవ్వేవాళ్లు ఉన్నారు. నవ్వనీ.

ఈ వృత్తి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. అప్పట్లో మా స్టూడియోల్లో గాజు పలక మీద బొమ్మ పడేది. దాన్ని నెగటివ్ అంటాం. తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది. దాని మీద సన్నని పెన్సిలుతో చుక్కలు దిద్ది, ముఖం మీది మచ్చలూ ముడతలూ పోగొట్టడాన్ని రీటచింగ్ అంటారు. మా అన్నం ఆ పెన్సిలులోనే ఉండేది. రెండోది సైడ్ లైట్. దీపాన్ని ఎదురుగా కాకుండా పక్కన, బాగా కిందికి పెడితే ఆవగింజంత గుంటకు కూడా నీడ పడుతుంది. మనుషులకు అది నచ్చదు. శాసనాలకు, చెక్కడాలకు మాత్రం అదే కావాలి.

ఒక ఉదయం స్టూడియో ముందు జీపు ఆగింది. దిగినవాడు వీరభద్రప్ప. బేతంచెర్ల వైపు నాపరాళ్ల వ్యాపారి, పెద్ద భూస్వామి. వాళ్లింటి పెళ్లిళ్లకు నేనే ఫోటోలు తీశాను. అతని వెనక ఇద్దరు మనుషులు గోనెపట్టాలో చుట్టిన బండను మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు.

"ఓబులేసూ, నువ్వు పెద్ద చదువరివంట గదా. ఇది ఏందో చెప్పు చూస్తాం" అని పట్టా తీశాడు.

నల్లగా, నున్నగా ఉన్న నాపరాయి. దాని మీద రెక్కలు చాపి పడుకున్న పక్షి అస్థిపంజరం. రెక్కల చుట్టూ ఈకల గీతలు. కాళ్లు మడిచి ఉన్నాయి. పక్షికి ఉండకూడనివి రెండు ఉన్నాయి. ముక్కులో పళ్లు, వెనక పొడుగాటి ఎముకల తోక. బండ మీద అక్కడక్కడ నల్లని చెట్ల కొమ్మల్లాంటి మరకలున్నాయి. అవి మా నాపరాళ్లలో మామూలే. మట్టిలోని లోహం నీళ్లతో పాటు పగుళ్లలోకి దిగి అలా కొమ్మలు వేస్తుంది. తెలియనివాళ్లు రాతిలో చెట్టు ఉందంటారు. చెట్టున్న రాతిలో పక్షి ఉంటే వింతేముంది అనిపించేలా ఉంది.

అట్లాంటి పక్షి బొమ్మ నేను చూసి ఉన్నాను. జర్మనీ దేశంలో ఇట్లాంటి సున్నపురాయి పొరల్లోనే, ఈకలూ, పళ్లూ, తోకా అన్నీ ఉన్న పక్షి దొరికింది. దాన్ని చూసే కొందరు పండితులు పక్షులు రాక్షసబల్లుల సంతతే అన్నారు. ఆ తర్వాత ఇంకొకరు అడ్డం వచ్చారు. పక్షి మెడ మొదట్లో పంగలకర్ర లాంటి ఎముక ఒకటి ఉంటుంది. రాక్షసబల్లుల్లో ఆ ఎముక కనపడలేదు కాబట్టి పక్షుల పుట్టుక వేరే అన్నారు. నేను చదివే కాలానికి ఆ రెండో మాటే పుస్తకాల్లో గెలిచి ఉంది. నేను వంగి మొదట వెతికింది ఆ పంగలకర్ర ఎముకనే. ఉంది. కర్నూలు జిల్లా రాయి ప్రపంచానికి ఏదో చెప్పబోతోందని నాకు ఒళ్లు పులకరించింది.

"యాడ దొరికిందన్నా ఇది?" అన్నాను.

"మా గుట్టలో."

"మీ గుట్టనా?"

"ఇప్పటికైతే సర్కారు గుట్ట. ఇంగ ముందు మాది అయితాది" అని కుర్చీలో కూర్చున్నాడు. "చూడప్పా, ఇంత పెద్ద వస్తువు దొరికిన తావులో ఎవురంటే వాళ్లు సుత్తి పట్టుకొని బండలు కొడ్తాంటే బాగుంటాదా? కంచె వేపిచ్చాలని అర్జీ పెట్టినా. చూసుకునే బాధ్యత నాకియ్యమన్నా. డిప్యూటీ కలెక్టరు వచ్చి చూసి తేలుస్తాడు. అంతలోపల ఒక పుస్తకం అచ్చేసి మంత్రుల చేతిలో పెట్టాల. దానికి నీ ఫోటోలు కావాల."

"మరి ఆడ బండలు తీసేవాళ్లు?"

"వాళ్లదేముంది. యాడన్నా కూలికి పోతారు. కోసిగి తట్టు కరువు జనం ఏటా వలస పోతాల్యా?"

ఆ మాట అంత తేలిగ్గా అన్నాడు. ఆ పల్లె పేరు రాయను, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పల్లెకు పొలాలు లేవు. సర్కారుకు రుసుము కట్టి ఆ గుట్టలో నాపరాళ్లు తీసుకుని బతికేవాళ్లు. గుట్టకు కంచె పడితే పల్లె ఖాళీ కావలసిందే. ఆ కంచె లోపల కొన్నాళ్లకు ఎవరి యంత్రాలు తిరుగుతాయో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. అయినా ఆ పూట నా కళ్లు పక్షి మీదే ఉన్నాయి.

బండను నిలబెట్టి సైడ్ లైట్ వేశాను. దీపాల వేడి తగిలిన కొంతసేపటికి బండ మీద చీమలు కనపడ్డాయి. ఊది పోగొట్టాను. మళ్లీ వచ్చాయి. ఎముకల చుట్టూ ఉన్న సందుల దగ్గరే మూగుతున్నాయి. మా వైపు పాత గోడలకు సున్నంలో బెల్లం నీళ్లు కలిపి గచ్చు చేస్తారు. ఆ గచ్చు రాయిలా బిగుసుకుంటుంది. నాకు ఆ సంగతి అప్పుడు తట్టలేదు. గోనెపట్టాలో బెల్లం మోసి ఉంటారులే అనుకుని పలకలు తీసేశాను.

ఫోటోలు పెద్దవిగా వేసి పెరట్లో తాడుకు ఆరబెట్టాను. కాళ్ల ఎముకల కొనల దగ్గర గరుకుగా ఏవో గుంటలు పడ్డాయి. నా పలకలో లోపమేమోనని భూతద్దం పెట్టి చూస్తున్నాను. మా ఆవిడ లక్ష్మమ్మ బియ్యం కడుగుతూ తలెత్తింది.

"నీకు బుద్ధి ఉండాదా? ఎంగిలి ఎముకకు ఫోటో తీసి ఇంట్లో ఆరబెడ్తాండావు."

"ఎంగిలేంది?"

"కండ్లు ల్యావా? కొనలు నమిలేసినారు గదా. కోడి కాలు నమిల్తే అట్లనే గదా ఉండేది. ఎవురో మూలుగ కూడా పీల్చినారు చూడు, బొక్క కనపడ్తాంది."

చూశాను. మా సీమలో కోడికాలు చేతికొస్తే కండ తిని పారేసేవాళ్లు లేరు. కొనల్లోని మెత్తని భాగాన్ని నమిలి, లోపలి మూలుగ పీల్చితే గాని ఎముక విస్తరి దాటదు. ఎవరో సంగటితో సుబ్బరంగా కూర తిని, ఆ ఎముకలనే కోట్ల ఏళ్ల కిందటి పక్షికి తగిలించారు. నెమ్మదిగా మిగతాదీ విడిపోయింది. తోకా దవడా ఉడుమువి. ఈకల గీతలు తడి గచ్చు మీద కోడి ఈక అదిమితే పడినవి. చీమలు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది.

నవ్వు రాలేదు నాకు. అంత నిజమైన సంగతిని, నేను పొట్లాం కాగితాల్లో వెతుక్కుని చదువుకున్న సంగతిని, ఒక గుట్టను మింగడానికి ఎరగా వాడుకున్నాడని ఒళ్లు మండిపోయింది.

రెండు రోజులకు వీరభద్రప్ప మనిషి మద్దిలేటి అనే బండలు కొట్టేవాణ్ణి తీసుకొచ్చాడు. పక్షిని కనుక్కున్నది ఇతనే అని పుస్తకంలో ఫోటో వేయాలట. యాభై దాటిన మనిషి. తలకు కొత్త రుమాలు చుట్టించారు. అది అతనిది కాదని చూస్తేనే తెలుస్తుంది, మాటిమాటికీ తడుముకుంటున్నాడు. వెంట వచ్చినవాడు బీడీ కోసం బయటికి పోగానే అడిగాను.

"మద్దిలేటన్నా, ఏ పొరలో దొరికింది ఈ పక్షి?"

అతను గుమ్మం వైపు చూశాడు. "నేను చూడలేదు సామీ. చూసినానని చెప్పమన్యాడు."

"నీ చేత్తోనే నీ గుట్టకు కంచె వేపిస్తాండాడు. తెలుసు గదా?"

"తెల్దా? నా గుడిసె ఆయన తావులో ఉండాది. ఆవును ఆయన బీడులో మేపుతాండా. చెప్పనంటే రేపొద్దున నేను యాడ నిలబడేది?" అని రుమాలు సర్దుకుని, "నువ్వు ఫోటో తీయప్పా. నోరైతే ఫోటోలో పడదు గదా" అన్నాడు.

తీశాను. ఆ ఫోటోలో అతని ముఖం నవ్వుతున్నట్టు ఉండాలని వీరభద్రప్ప చెప్పి పంపాడు. నవ్వమని నేను అడగలేదు.

ఆ తర్వాత నేను పోయి కలిసింది రంగనాథం గారిని. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. రాజధాని వచ్చినప్పటి నుంచి సర్కారు కూడా రాళ్ల విషయాల్లో ఆయన సలహా అడిగేది. నేను ఫోటోలు బల్ల మీద పరిస్తే ఆయన ఎముకల వైపు చూడనే లేదు.

"నేను సర్కారు వాళ్లకు ముందే చెప్పాను ఓబులేసు గారూ. ఈ నాపరాయి సముద్రం అడుగున పేరుకునే కాలానికి లోకంలో ఎముక అనేదే పుట్టలేదు. అందులో పక్షి దొరకడమంటే, తాత పెళ్లి ఫోటోలో మనవడు కనపడటం లాంటిది. నా మాటను పక్కన పెట్టారు."

ఆ మాటతో నాకు మంచి ధైర్యం వచ్చింది. ఆయనకు రాయి తెలుసు. మా ఆవిడకు కోడికాలు తెలుసు. ఇద్దరూ ఒకటే చెబుతున్నారు.

ఫోటోల కోసం వీరభద్రప్పే వచ్చాడు. ఒక్కొక్కటీ చూసి కాళ్ల దగ్గర ఆగాడు. అతనికి తెలిసింది. తెలిసిందని నాకూ తెలిసింది.

"ఈ గరుకు ఏందప్పా? నున్నగా చెయ్యి."

"చెయ్యను."

"చెయ్యనంటే? పెండ్లికూతుళ్ల మొటిమలు తీస్తాండావు. ముసలోళ్ల ముడతలు తీస్తాండావు. నా రాతికి చేసేదానికి చెయ్యి నొస్తాందా?"

"మొటిమ ఆ పిల్లది. తీయమనే హక్కు ఆ పిల్లది. ఆ గుట్ట నీది కాదన్నా."

అతను నవ్వాడు. "శానా చదివినావు పో. ఆ గాజు పలకలు ఇచ్చెయ్. ఇంకోనితో చేపిచ్చుకుంటా."

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. ఫోటో కాగితం తీయించుకున్నవాడిది, నెగటివ్ స్టూడియోది. ఎంత పెద్ద ఇంటివాళ్లు వచ్చినా పలక బయటికి పోదు. అదే చెప్పాను.

"నాతో పెట్టుకుంటే కర్నూల్లో ఒక్క పెండ్లికి కూడా నిన్ను పిలవరు."

"చావులకు పిలుస్తారులే అన్నా. వాటికీ ఫోటోలు తీస్తా."

జీపు పోయింది. అతను ఇంకో స్టూడియో నుంచి మనిషిని తెచ్చుకుని, కొత్తగా ఫోటోలు తీయించి నున్నగా దిద్దించుకున్నాడు. పుస్తకం అచ్చయింది. నాకు ఆ ఆదివారం ఇంట్లో కోడికూర చేయించడం తప్ప వేరే దారి కనపడలేదు. తిన్న కోడికాలి ఎముకను కడిగి, అదే సైడ్ లైట్‌లో, అంతే పెద్దదిగా ఫోటో తీశాను. బండ మీది ఎముక ఫోటోను దాని పక్కనే కిటికీలో పెట్టాను. కింద పెద్ద అక్షరాలతో ఒకే మాట రాశాను: ఎంగిలి.

మొదటి రోజు జనం ఆగి చూసి పోయారు. రెండో రోజు బండ్లు ఆపి చూశారు. గుడారాల గుమాస్తాలు మధ్యాహ్నం తిండి ముగించుకుని గుంపుగా వచ్చేవాళ్లు. "ఏది పాతదప్పా, ఎడమదా కుడిదా?" అని ఒకడు అంటే, "కుడిదానికి ఉప్పు తక్కువైనట్టుండాది" అని ఇంకొకడు. ఎవరో రాయి విసిరి అద్దం పగలగొట్టారు. అద్దం లేకుండానే ఫోటోలు అక్కడే ఉంచాను. లక్ష్మమ్మ మాత్రం, "నా మాట రాసి నీ పేరు పెట్టుకున్నావు" అని దెప్పేది.

డిప్యూటీ కలెక్టరు విచారణకు వచ్చే రోజున రంగనాథం గారితో పాటు నేనూ ఆ పల్లెకు వెళ్లాను. మేము చేరేసరికి గుట్ట కింద పందిరి వేసి ఉంది. పందిట్లో బండ. దాని మీద పసుపు, కుంకుమ, చామంతి దండలు, ముందు పగిలిన టెంకాయలు. వీరభద్రప్ప తెలివిని తక్కువగా అంచనా వేశాను. గరుత్మంతుడు రాతిలో వెలిశాడని వారం ముందు నుంచే పూజలు మొదలుపెట్టించాడు. అటు మహానందికి పోయే యాత్రికులు కొందరు దారి మళ్లి వచ్చి దండం పెట్టుకున్నారు. తమ కూడు తీయడానికి వచ్చిన బండకే పల్లెవాళ్లు హారతి పట్టారు. ఇంతకన్నా అన్యాయం నేను చూడలేదు.

డిప్యూటీ కలెక్టరు నా ఫోటోలు రెండూ చేతిలోకి తీసుకుని చూశాడు. వీరభద్రప్ప చేతులు కట్టుకుని చెప్పాడు.

"అయ్యా, ఈ ఓబులేసు పనే అది. ముసలోళ్లను పడుచోళ్లను చేస్తాడు. పెన్సిలుతో పండ్ల గాట్లు పెట్టేది వానికి ఒక లెక్కా?"

డిప్యూటీ కలెక్టరు నా వైపు తిరిగాడు. "పెట్టగలరా?"

"పెట్టగలను" అన్నాను. ఇంకేం చెప్పను? నిజమే అది. "దీంట్లో మాత్రం పెట్టలేదు."

ఆయన ఫోటోలు పక్కన పెట్టేశాడు. నేను ఇన్నేళ్లు నమ్ముకున్న వృత్తి ఆ నిమిషంలో నాకు అక్కరకు రాలేదు. రంగనాథం గారు రాయి వయసు చెప్పారు. దానికి వీరభద్రప్ప, "మన బేతంచెర్ల పక్కన బిల్లసర్గం గుహల్లో దొరల కాలంలోనే ఎముకలు దొరికినాయి గదయ్యా. అదీ ఈ రాయే గదా" అన్నాడు.

"అవి గుహ అడుగున మట్టిలో దొరికాయి. రాతిలో కాదు. ఇల్లు పాతదైనంత మాత్రాన ఇంట్లో పడుకున్న పిల్లి కూడా పాతదవుతుందా?" అన్నారు రంగనాథం గారు. "ఇంత మాట ఎందుకు. ఒక్క ఎముక పైకి లేపి చూద్దాం. నిజమైనదైతే రాతితో కలిసిపోయి ఉంటుంది, ఊడదు."

"దేవుని మీద ఉలి పెడ్తారా?" వీరభద్రప్ప గొంతు పెంచి జనం వైపు తిరిగాడు. "మీరు ఒప్పుకుంటారా?"

జనంలో గుసగుస లేచింది. ఎవరూ ఒప్పుకోలేదు. డిప్యూటీ కలెక్టరు వెనక్కి తగ్గడం నేను కళ్లారా చూశాను. తప్పు పట్టను. కొత్త రాష్ట్రం, దేవుడి మీద చెయ్యి పడిందని గొడవైతే ఆయన ఉద్యోగం ఏమవుతుందో ఆయనకు తెలుసు. కాగితం తీసి, "కనుక్కున్నవాడు ఎవడు? వాణ్ణి అడిగి ముగిద్దాం" అన్నాడు.

మద్దిలేటి ముందుకొచ్చాడు. తలకు రుమాలు లేదు.

"నువ్వే చూశావా?"

"లేదయ్యా."

డిప్యూటీ కలెక్టరు కాగితం మీంచి తలెత్తాడు.

"చూసినానని చెప్పమన్యారు. చెప్పినా. ఇప్పుడు చెప్పను. నేను చూడలేదు."

వీరభద్రప్ప, "తాగొచ్చినాడయ్యా" అన్నాడు.

"కల్లు తాగేదానికి కూడా గుట్ట ఉండాల గదప్పా" అన్నాడు మద్దిలేటి. నడుముకున్న చిన్న ఉలి తీశాడు. జనం వైపు తిరిగి చెప్పాడు. "దేవుడైతే నా చెయ్యి పడిపోనీ. పడిపోతే నాదే పడిపోతాది. మీదేం పోదు."

ఎవరో ఆడమనిషి "వద్దు మద్దిలేటీ" అంది. అతను దండలు పక్కకు జరిపి, కాలి ఎముక కింద ఉలి దూర్చి, అరచేత్తో ఒక్కసారి తట్టాడు. పగలలేదు. రెండోసారి తట్టేసరికి గచ్చు పెళ్లతో సహా ఎముక ఊడి అతని చేతిలో పడింది. కింద గుంటలో తడి గచ్చును కట్టెతో గీకిన గుర్తులు. అతను ఎముకను ఎండకెత్తి, అటూ ఇటూ తిప్పి, కొన వైపు చూశాడు.

"ఏమప్పా, నమిలినోడు మూలుగ కూడా ఇడిసిపెట్టలేదు" అన్నాడు. తర్వాత వీరభద్రప్ప వైపు చూసి, గొంతు పెంచకుండానే, "ఎంగిలి ఎముకకు మాతో దండం పెట్టిచ్చినావు గదయ్యా" అన్నాడు.

ఆ మాట పడగానే పందిరి రంగు మారింది. రాయి వయసు, నా ఫోటో, ఏదీ చేయలేని పని ఆ ఎంగిలి అనే మాట చేసింది. ముందు వరుసలో కూర్చున్న ముసలామె లేచి, "థూ, ఎవుని ఎంగిలో ఏమో, నేను రెండు టెంకాయలు కొట్టినా గదప్పా" అని చెయ్యి చీరకు తుడుచుకుంది. నవ్వు అక్కడ మొదలై వెనక దాకా పోయింది. కుర్రాళ్లు గరుత్మంతుణ్ణి ఏ మసాలాతో వండారో చర్చకు దిగారు. డిప్యూటీ కలెక్టరు మూతి బిగించుకుని, గుట్ట ఎప్పటిలాగే ఉంటుందని, అర్జీ కొట్టేస్తున్నానని చెప్పి బండను జీపులో వేయించాడు.

వీరభద్రప్ప ఊరుకునే రకం కాదు. పోతూ పోతూ రంగనాథం గారితో, "ఇది అబద్ధమైతే ఆ జర్మనీ పక్షి కూడా అబద్ధమే లే అయ్యా. బల్లికి పక్షి పుట్టేదంతా కట్టుకతే" అన్నాడు.

"ఆ జర్మనీ బండ పొర రెండుగా చీలినప్పుడు రెండు చెక్కల మీదా అదే పక్షి ఉంది. అడిగిన ప్రతి పండితుడికీ చూపించారు. ఎవరూ దానికి బొట్టు పెట్టి ముట్టుకోవద్దు అనలేదు" అన్నారు ఆయన.

ఆ తర్వాత పెద్ద ఇళ్ల పెళ్లిళ్లు నాకు తగ్గాయి. మరుసటి ఏడు రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు లేచిపోయాయి, స్టూడియోలో ఈగలు తోలుకున్నాను. నాకది పెద్ద నష్టంగా అనిపించలేదు. మద్దిలేటి నష్టం అట్లాంటిది కాదు. విచారణ జరిగిన వారంలోపే వీరభద్రప్ప అతని గుడిసె పీకించాడు. మేపే బీడు లేక మద్దిలేటి ఆవును అమ్ముకున్నాడు.

కబురు తెలిసి నేను మళ్లీ ఆ పల్లెకు పోయాను. గుట్ట మొదట్లో సర్కారు బంజరులో పల్లెవాళ్లంతా కలిసి అతనికి నాపరాళ్లతో గోడలు పేరుస్తున్నారు. నేనూ రాళ్లందించాను. నీడన కూర్చున్నప్పుడు అడిగాను.

"ఆ రోజు ఉలి పెట్టినప్పుడు భయం కాలేదా?"

"శానా."

"చెయ్యి పడిపోతాదనా?"

"కాదప్పా. ఆ పక్షి నిజంగానే రాతిలో ఉంటే ఎట్ల అని. మొదటి దెబ్బకు ఊడలేదు సూడు, అప్పుడు నా పానం పోయింది. నిజమైతే గుట్ట పోతాది గదా."

నేను ఆ ప్రశ్న నన్ను నేను ఎన్నడూ వేసుకోలేదు. "ఉంటే ఏం చేసేవాడివన్నా?"

"ఏం చేస్తా? ఉండాదనే చెప్తా. చెప్పి, గుట్టకు వేరే కొట్లాట పెట్టుకుంటా."

అట్లా అని లేచి పోయి రాయి అందుకున్నాడు.

నాకిప్పుడు డెబ్భై దాటాయి. చైనాలో నిజంగానే ఈకలున్న రాక్షసబల్లులు రాళ్లలో దొరుకుతున్నాయి. పంగలకర్ర ఎముక కూడా ఆ జాతిలో ఎన్నిటికో కనపడింది. పక్షులు వాటి సంతతే అన్న మాట మళ్లీ నిలబడింది. మధ్యలో అక్కడ కూడా ఎవరో రెండు జంతువులను అతికి అమ్మారు, పెద్ద పత్రిక ఒకటి నమ్మి అచ్చేసింది. ఆ వార్త పట్టుకుని మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి, చూశారా, పక్షుల పుట్టుక కథంతా బూటకమేనని తేలిపోయింది అన్నాడు. నేను లేచాను. ఆ అతుకును పట్టుకున్నది కూడా ఆ పక్షులను చదివేవాళ్లేనయ్యా, నువ్వు కాదు అన్నాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

ఆ గుట్ట గొడవలో నేను నేర్చుకున్నది ఇది. ఉన్నదాన్ని ఉందని, లేనిదాన్ని లేదని చెప్పడం ఒక కొట్లాట. మనిషి తన గుట్టను నిలుపుకోవడం ఇంకో కొట్లాట. వీరభద్రప్ప లాంటివాళ్లు రెండింటినీ ఒకే ముడి వేస్తారు. నిజం చెబితే కూడు పోతుందని ఒకరిని భయపెడతారు, కూడు కోసం కాబట్టి నీ మాట నిజం కాదని ఇంకొకరి నోరు నొక్కుతారు. ఆ ముడి విప్పి, రెండు కొట్లాటలనూ వేటికవి పట్టుకోవాలి. ముసలితనానికి కొట్లాటలెందుకని మా ఇంట్లో అడుగుతుంటారు. ఒకటైనా తీరితే అప్పుడు చూద్దామని చెబుతున్నాను.